మోతీ బొచ్చులో దొరికినవి

ఆదివారం పొద్దుగూకే వేళకి మాండ్వి నుంచి సూరత్‌లో ఇల్లు చేరాం. బ్యాగులు లోపలికి పోయాయి. పిల్లలూ పోబోయారు. వాళ్లకంటే ముందు మోతీ తోకాడిస్తూ గడప దాటబోయింది. మా ఆవిడ చీపురు అడ్డం పెట్టింది.

"ఆ కుక్క మీదున్న అడివంత ఇంట్ల రాలుతది. బయట్నే దులుపుండ్రి, ముగ్గురూ."

ముగ్గురంటే నేను, ఆరో తరగతి మనవరాలు, రెండో తరగతి మనవడు. లింబాయత్ సందుల్లో ఇళ్లకి అరుగులెక్కడివి? రెండు మెట్లున్నాయి, వాటి మీదే కూలబడ్డాం. ఒక స్టీలు పళ్లెం, ఒక పాత దువ్వెన, కోడలి కనుబొమ్మల పట్టకారు, ఫోను టార్చి తెచ్చుకున్నాం. మోతీని నా కాళ్ల మధ్య ఇరికించుకున్నాను. లెక్క రాసే పని మనవడిది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా నాయన సిరిసిల్ల నుంచి సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడపడానికి ఇక్కడికొచ్చాడు. నేను సాంచెల చప్పుడు మధ్యే పెరిగి, సూరత్ కార్పొరేషన్ వారి తెలుగు మీడియం బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. గుజరాత్‌లో సర్కారు తెలుగు బడి ఉందంటే మా ఊరి చుట్టాలు కొందరు ఇప్పటికీ నమ్మరు. మోతీ మా వీధి కుక్కే, జాతీ గీతీ ఏమీ లేదు. నాలుగేళ్ల కిందట వానలో మెట్ల కింద దూరింది, మళ్లీ పోలేదు.

మేం మాండ్విలో డేరా వేసుకుని గడపడానికి కారణమైన ఈ క్యాంపింగు పిచ్చి అమెరికా నుంచి వచ్చింది. కాన్సస్‌లో ఉండే మా తమ్ముడి కొడుకు ఒక ఫోటో పంపాడు. నడుమెత్తు గడ్డి, అవతల ఏరు, ఇవతల డేరా, డేరా ముందు వాళ్ల కుక్క. ఆ గడ్డి మైదానాల్నే ప్రెయిరీ అంటారు. "మోతీని గూడ గట్ల తీస్కపోదాం తాతా" అని మనవరాలు పట్టుకుంది. సూరత్‌లో ప్రెయిరీ ఎక్కడుందమ్మా అనబోయి ఆగాను. తాపీ నది ఒడ్డున గడ్డికేం తక్కువ? నాతో పాటు బళ్లో పనిచేసిన ఒక గుజరాతీ మాస్టారికి మాండ్వి దగ్గర, నది గట్టున పొలం ఉంది. పక్కనే పశువులు మేసే బీడు. ఫోన్ చేస్తే "కుక్కనీ తీసుకురా, పోంక్ తిందువుగాని" అన్నాడు.

ఇక పళ్లెంలోకి వద్దాం.

మొదట రాలింది ఉత్తరేణి. తోక నిండా అదే. వినాయక చవితి పత్రిలో అపామార్గం అని చదువుతామే, ఆ మొక్క. దాని కంకి పక్కనుంచి పోతే చాలు, గింజలు తలకిందులుగా వచ్చి పంచెకి అంటుకుంటాయి. రెండోది పల్లేరు, ముందు కాలి వేళ్ల మధ్య ఒకటి దిగింది. పొద్దున మోతీ ఎందుకు కుంటుతోందో అప్పుడర్థమైంది. మూడోది మరులమాతంగి కాయ. ఏటి ఒడ్డున, చెరువు గట్టున ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది చూడండి, గోళీకాయంత కాయ, అది.

"ఇవన్నీ మోతీకే ఎందుకు అంటుకున్నయ్?" మనవడి అనుమానం.

"మోతీ బండి కాబట్టి. చెట్టుకి కాళ్లుండవు. పిల్లల్ని దూరంగా పంపాలంటే గాలి మీదో, నీటి మీదో, పిట్ట కడుపులోనో, కుక్క బొచ్చు మీదో పంపాలి. టికెట్ లేని ప్రయాణం."

మరులమాతంగి కాయని టార్చి వెలుగులో పెట్టి చూపించాను. ముల్లు సూటిగా ఉండదు, కొస కొక్కెంలా వంగి ఉంటుంది. 1941లో స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్ అనే ఆయనకి మాకు తగిలిన తంటాయే తగిలింది. కుక్కతో కొండల్లోకి వేటకెళ్లి వచ్చాడు. కుక్క ఒంటి నిండా ఇలాంటి ముళ్లకాయలే. మనలాగా విసుక్కుని పారేయకుండా సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. కొక్కేలు కనపడ్డాయి. ఒక గుడ్డ మీద కొక్కేలు, ఇంకో గుడ్డ మీద ఉచ్చులు నేస్తే రెండూ పట్టుకుంటాయి కదా అనుకున్నాడు. అనుకున్నంత తేలిగ్గా కాలేదు, నైలాన్‌తో నేయించి 1955లో పేటెంటు తీసుకునే సరికి పద్నాలుగేళ్లు పట్టింది. మా డేరా తలుపుకి చర్రుమని ఊడే పట్టీ ఉంది చూశారూ, వెల్క్రో, అదే ఆ కాయ. నేతపని వాళ్ల ఊళ్లో ఇది చెప్పకుండా ఎలా ఉంటాను!

తర్వాత దొరికినదాని కోసమే నేనీ కబురు మొదలుపెట్టాను.

మోతీ కుడి చెవి లోపలి అంచున గోధుమరంగు గింజ ఒకటి గుచ్చుకుని ఉంది. గింజ బియ్యపుగింజంత కూడా లేదు, తోక మాత్రం నా వేలంత పొడుగు. బీడులో ఆ గింజ పెట్టే గడ్డి మోకాలెత్తు పెరిగి, ఎండి, తోకలన్నీ ఒకదానికొకటి జడలా చుట్టుకుని ఉంటాయి. దాంట్లో నడిస్తే ప్యాంటు కుట్టుమిషను కింద పెట్టినట్టే. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు హెటెరోపోగాన్ కంటార్టస్. కంటార్టస్ అంటే మెలి తిరిగినది అని. పట్టకారుతో జాగ్రత్తగా లాగి పళ్లెంలో పెట్టి, "నీళ్లు తే" అన్నాను.

మనవరాలు గ్లాసుతో తెచ్చింది. గింజని వేలితో పట్టుకుని తోక మీద ఒక్క చుక్క వేశాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాం. పది దాటాక తోక కదిలింది. మెల్లగా, గడియారం ముల్లులా, దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. మనవడు వెనక్కి దూకాడు. "పురుగు తాతా!" అన్నాడు. పురుగు కాదు, బతికున్న కండ కూడా కాదు. ఎండిన గడ్డి అది.

దీని లెక్క సాంచెల వాడకి చెప్పడం చాలా తేలిక. తోకలో కణాల గోడలు సెల్యులోజు పోగులతో కట్టినవి. ఆ పోగులు నిలువుగా కాకుండా ఏటవాలుగా, తాడు పేనినట్టు చుట్టుకుని ఉంటాయి. ఎండితే పోగుల మధ్య నీరు పోయి తోక పురి ఎక్కుతుంది. తడి తగిలితే ఉబ్బి పురి విప్పుకుంటుంది. రాత్రి మంచు పడితే ఒక వైపు, పగలు ఎండ కాస్తే ఇంకో వైపు తిరుగుతుంది. తోక కొస గడ్డిలో ఎక్కడో ఆనుకుని ఉంటే, తిరిగేది గింజే. గింజ మొన సూదిలా ఉంటుంది, దాని మీద నూగు అంతా వెనక్కి దువ్వినట్టు ఉంటుంది. అందుకని ముందుకి దిగుతుందే గాని వెనక్కి రాదు. వడ్రంగి బర్మా పెట్టినట్టు రోజూ కొంచెం కొంచెం నేలలోకి దిగి, బీడు తగలబడినా తాను కాలకుండా మట్టిలో దాక్కుంటుంది. ఇలా తమంత తాము నేలలో పాతుకునే గింజల యంత్రాంగాన్ని 1876లోనే పరీక్ష చేసి రాసినాయన ఫ్రాన్సిస్ డార్విన్. ఆ డార్విన్ గారి కొడుకే.

ఇదే పురి విప్పుకునే పని జార్జెట్ చీరలోనూ జరుగుతుంది. మా సూరత్‌లో ట్విస్టింగ్ ఖాతాల్లో, అంటే కార్ఖానాల్లో, చేసే పనేమిటి? నూలుకి పురి ఎక్కించడం. జార్జెట్‌కైతే మీటరుకి వెయ్యికి పైగా పురులు పెడతారు, కొన్ని పోగులకి కుడి పురి, కొన్నింటికి ఎడమ పురి. మగ్గం మీద దిగినప్పుడు ఆ గుడ్డ కాగితంలా నున్నగా ఉంటుంది. డైయింగ్ మిల్లులో వేడినీళ్లలో పడగానే ఒక్కో పోగూ పురి విప్పుకోబోతుంది. పక్క పోగు విప్పుకోనివ్వదు. ఆ పెనుగులాటకే గుడ్డ ముడుచుకుని, చేతికి ఇసుక తగిలినట్టు గరుగ్గా అవుతుంది. ఆడవాళ్లు వేళ్ల మధ్య నలిపి చూసి ధర కట్టేది ఆ గరుకుకే. పాలియెస్టర్‌కి వేడి కావాలి, గడ్డికి మంచు చుక్క చాలు. పని మాత్రం ఒకటే.

"అయితే ఇది మోతీ చెవుల పోతే?" అంది మనవరాలు. పిల్ల సరిగ్గా పట్టుకుంది. కుక్క బొచ్చూ తడుస్తుంది, ఆరుతుంది. గింజకి అది నేలో చర్మమో తెలియదు. చెవి గొట్టంలోకి, కాలి వేళ్ల మధ్యకి, ఒక్కోసారి చర్మం కిందకే దిగుతుంది. లోపల చీము పడుతుంది. కుక్క ఊరికే తల విదిలిస్తున్నా, ఒకే కాలు నాకుతూ ఉన్నా పశువుల డాక్టరు ముందు అడిగేది ఇదే: గడ్డిలోకి తీసుకెళ్లారా అని. అందుకే ఇంటికొచ్చిన రాత్రే చూడాలి. మర్నాటికి వాయిదా వేస్తే గింజ తన దారిన తను పోతూనే ఉంటుంది.

గడ్డి మాట వచ్చింది కాబట్టి ఒక చుట్టరికం చెప్పాలి. శనివారం మధ్యాహ్నం మాస్టారు పొలంలో పోంక్ చేయించాడు. పాలు పోసుకున్న జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి, నలిచి, పచ్చగా మెత్తగా ఉండే గింజల్ని రాలుస్తారు. చలికాలంలో సూరత్ అంతా దీని మీదే పడుతుంది. గుజరాతీలు ఇది తమ సొత్తనుకుంటారు. మా ఆవిడ ఒక గుప్పెడు నోట్లో వేసుకుని, "ఊచబియ్యమే గద" అని తేల్చేసింది. ఆ జొన్న, పక్క చేలో చెరకు, మోతీ చెవిలో గింజ పెట్టిన గడ్డి, కాన్సస్ ఫోటోలో ఆకాశం కేసి నిలబడ్డ బిగ్ బ్లూస్టెమ్ గడ్డి, ఇవన్నీ వృక్షశాస్త్రంలో ఒకే గోత్రం. ఆ గోత్రానికి ఆండ్రోపోగోనే అని పేరు. గడ్డికి పెరిగే చోటు కొసన కాదు, మొదట్లో ఉంటుంది. పైన అడవిదున్న కొరికినా గేదె కొరికినా కింద నుంచి మళ్లీ లేస్తుంది. ఓడిపోయింది నాగలికే. అమెరికాలో ఆ పొడుగు గడ్డి ప్రెయిరీలో ఇప్పుడు మిగిలింది నాలుగు శాతం కన్నా తక్కువ.

మోతీ కూడా పోంక్ తిన్నది. తోడేలు వంశపుది జొన్న తినడమేంటని మనవరాలి ప్రశ్న. తినగలగడం వల్లే కుక్క అయింది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ అనే ఎంజైము తయారు చేసే జన్యువు తోడేలుకి రెండే నకళ్లు. కుక్కల్లో అది చాలా రెట్లు పెరిగిందని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు లెక్కతీశారు. మన పొయ్యి దగ్గర కూర్చుని, మన రొట్టె ముక్కకి ఆశపడి, తరతరాలుగా సంపాదించుకున్న ఆస్తి అది. పోంక్ వడలు మాత్రం పెట్టనివ్వలేదు. వాటిలో పచ్చి వెల్లుల్లి దట్టిస్తారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాల్ని చిదిపేస్తాయి.

దువ్వెన మెడ వెనక్కి వెళ్లేసరికి గట్టిగా ఏదో తగిలింది. బొచ్చు విడదీసి చూస్తే పిడుదు. మా వైపు గోమారి అంటారు. తాగి తాగి సెనగగింజంత అయి, బూడిదరంగుకి తిరిగింది. మనవడు గోటితో గిల్లబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

పిడుదు పురుగు కాదు, సాలీడుకి చుట్టం. కాళ్లు ఎనిమిది. ఎగరలేదు, దూకలేదు. దాని వేట అంతా ఓపికే. గడ్డిపోచ కొసకెక్కి, వెనక కాళ్లతో పట్టుకుని, ముందు కాళ్లు రెండూ చాచి నిలబడుతుంది, బస్సు కోసం చెయ్యెత్తినట్టు. ఆ ముందు కాళ్ల కొసల్లో చిన్న గుంట ఉంటుంది. మన ముక్కూ ఒంటి వేడి తెలిసే చర్మమూ కలిపి ఒక్క చోట పెట్టినట్టు, కుక్క ఊపిరిలోని కార్బన్ డయాక్సైడునీ ఒంటి వేడినీ అది పసిగడుతుంది. వస్తున్నది మోతీయా మనవడా అని దానికి పట్టింపు లేదు.

తీసే పద్ధతి: పట్టకారు చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టి, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. అగ్గిపుల్ల అంటించడం, కిరసనాయిలు పోయడం మా చిన్నప్పుడు మేమూ చేశాం. తప్పు. గాభరాపడ్డ పిడుదు తాగినదాన్ని తిరిగి గాయంలోకే కక్కుతుంది, రోగం ఏదైనా ఉంటే దాంతో పాటే. వేళ్లతో చిదపడం ఇంకా తప్పు. 2011 జనవరిలో అహ్మదాబాద్ దగ్గర క్రిమియన్-కాంగో జ్వరం మన దేశంలో మొదటిసారి నిర్ధారణ అయింది. అది పశువుల పిడుదుల వల్ల, వాటి రక్తం తగలడం వల్ల వచ్చే జ్వరం. వైద్యం చేసిన వాళ్లనూ వదల్లేదు. కాబట్టి పిడుదు నేరుగా స్పిరిటు సీసాలోకి పోయింది.

పిడుదుల మాట వచ్చింది కాబట్టి కాన్సస్‌కి మళ్లీ పోవాలి. పందొమ్మిదో శతాబ్దంలో టెక్సస్ నుంచి ఆవుల మందల్ని ప్రెయిరీ మీదుగా తోలుకుంటూ కాన్సస్ రైలు స్టేషన్లకి తెచ్చేవాళ్లు. టెక్సస్ ఆవులు బాగానే ఉండేవి, అవి నడిచిన దారిలో మేసిన స్థానిక పశువులు మాత్రం జ్వరమొచ్చి చచ్చేవి. రైతులు తుపాకులు పట్టుకుని మందల్ని అడ్డగించారు. వాళ్లకి అనుమానం ఉండేది గాని రుజువు లేదు. 1893లో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు రుజువు చేశారు: ఎర్రకణాల్లో దూరే బబీసియా అనే పరాన్నజీవే ఆ జ్వరానికి మూలం, దాన్ని మోసేది పిడుదు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. చిన్న జీవి పెద్ద రోగాన్ని మోస్తుందన్న మాట అప్పట్లో అంత తేలిగ్గా ఎవరూ ఒప్పుకోలేదు. మాకైతే సూరత్‌లో 1994 సెప్టెంబరులో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసింది. ఎలుక, ఎలుక మీది ఫ్లీ అనే పురుగు, ప్లేగు. రైళ్లు నిండిపోయి జనం ఊరు వదిలి పోయారు. అది వేరే కబురు, మళ్లీ ఎప్పుడైనా.

కోడలు లోపల్నుంచి అరిచింది. "మామయ్యా, డేరా అంతా తడిగుంది, రాత్రి వాన పడ్డదా?"

వాన పడలేదు. పడుకున్నది నలుగురు మనుషులు, ఒక కుక్క. ఒక్కో మనిషి ఊపిరితో, చెమటతో రాత్రంతా కలిపి ఒక గ్లాసు నీళ్లు గాల్లోకి వదుల్తాడు. డేరా గుడ్డ నీళ్లు బయటికి పోనివ్వని పూత పూసిన పాలియెస్టర్. చల్లబడ్డ గుడ్డకి ఆ ఆవిరి తగిలి చుక్కలై దిగింది. గాలి ఆడే కిటికీ తీసి పెట్టమంటే చలి అన్నారు కదా, మరి అనుభవించాలి. చలి కూడా మేము అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. రాత్రి చల్లగాలి బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి పారి నది లోయలో నిలుస్తుంది. గట్టు మీద పడుకున్న మేమే వణికాం. కింద ఇసుకలో అయితే ఇంకా రెండు దుప్పట్లు కావాలి.

ఇసుక అంటే గుర్తొచ్చింది. డేరా వెయ్యడానికి మనవడు చూపించిన చోటు నది మధ్యలోని ఇసుక దిబ్బ. మెత్తగా, తెల్లగా, మోతీ పరుగెత్తడానికి వీలుగా బాగానే ఉంది. వద్దన్నాను, వాడు గంటసేపు మాట్లాడలేదు. మాండ్వికి ఎగువన కాక్రాపార్ ఆనకట్ట, దానికీ ఎగువన 1972లో పూర్తయిన ఉకాయి డ్యామ్ ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో ముల్తాయి దగ్గర పుట్టి 724 కిలోమీటర్లు పడమటికి పారే తాపీ, మనకి పైన ఆకాశం నీలంగా ఉన్నప్పుడు కూడా పెరగగలదు. 2006 ఆగస్టులో ఉకాయి నుంచి తొమ్మిది లక్షల క్యూసెక్కుల దాకా వదిలినప్పుడు సూరత్‌లో చాలా భాగం మునిగింది. హిమాచల్‌లో 2014 జూన్ 8న బియాస్ నదిలో రాళ్ల మీద ఫోటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది, ఎగువన లార్జి డ్యామ్ నీళ్లు వదలగా కొట్టుకుపోయారు. ఆ వార్త చదివిన రోజు నుంచి డ్యామ్ కింద ఇసుక మీద ఎవరు నిలబడ్డా నాకు కాళ్లు నిలవవు. వాడి అలక గంటే కదా.

మోతీ పొట్ట కింద బురద ఎండి పెచ్చులు కట్టింది. చెరకు చేను పక్కన గుంటలో పొర్లింది. ఈ బురదని మాత్రం నేను పిల్లల చేతికి ఇవ్వలేదు, రబ్బరు తొడుగులు వేసుకుని నేనే కడిగాను. దక్షిణ గుజరాత్‌లో, సూరత్, నవసారి, వల్సాడ్ వైపు వానాకాలం వస్తే డాక్టర్లు భయపడే జ్వరం ఒకటుంది, లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రంతో వరి మళ్లలో, చెరకు తోటల్లో నీళ్లలోకి చేరుతుంది. కాలి పగుళ్లలోంచి, నీళ్లలో నానిన చర్మంలోంచి మనిషిలోకి దూరి కాలేయాన్ని, మూత్రపిండాల్ని పడుతుంది. ఆ క్రిమి ఆకారం ఏమిటనుకున్నారు? సన్నని పురి తిప్పిన దారం! కొస కొక్కెంలా వంగి ప్రశ్నార్థకంలా ఉంటుందని దానిలో ఒక జాతికి ఇంటరోగాన్స్ అనే పేరే పెట్టారు. బర్మాలా తిరుగుతూ నీళ్లలో ఈదుతుంది. కుక్కకీ ఈ జ్వరం వస్తుంది, తగ్గినా కొన్ని వారాల దాకా దాని మూత్రంలో క్రిమి పోతూ ఉండొచ్చు. కుక్కలకి దీనికి ఏడాదికోసారి టీకా ఉంది. మోతీకి వేయించాం. అయినా తొడుగులు తొడుగులే.

అంతా అయ్యాక, పాలు తాగుతూ మనవరాలు తరువాతి పథకం చెప్పింది. "హజీరాల పడవెక్కి ఘోఘాల దిగి, వెళావదర్ పోదాం తాతా. మోతీకి జింకలు చూపిద్దాం."

వెళావదర్ అంటే అసలు సిసలైన గడ్డి మైదానం. ఖంభాత్ సింధుశాఖకి అవతల, భావనగర్ జిల్లాలో 34 చదరపు కిలోమీటర్ల చిన్న జాతీయ పార్కు. 1976 నుంచి ఉంది. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక అక్కడ మందలు మందలుగా తిరుగుతుంది, తోడేళ్లుంటాయి, చలికాలం మధ్య ఆసియా నుంచి వచ్చే గడ్డి డేగలు సాయంత్రానికి వందల్లో ఆ గడ్డిలో దిగి నిద్రపోతాయి. మేమంతా పోదాం. మోతీ రాదు. రానివ్వరు, రానివ్వకూడదు కూడా. కాన్సస్‌లో కూడా డేరా దగ్గర తాడు కట్టి కుక్కని ఉండనిస్తారు గాని అడవిదున్నలు మేసే ప్రెయిరీలోకి పంపరు.

పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. మోతీ ఎవరినీ కరవదు కదా అని. కరవనక్కర్లేదమ్మా. డిస్టెంపర్ అనే కుక్కల రోగం ఉంది, మన తట్టు రోగపు వైరస్‌కి దాయాది. తుమ్మితే, ముక్కు ఆనిస్తే, ఒకే గిన్నెలో తాగితే అంటుకుంటుంది. 1994లో, ఇక్కడ మేము ప్లేగుతో అల్లాడిన ఏడాదే, ఆఫ్రికాలో సెరెంగెటి సింహాల్లో మూడో వంతు, దాదాపు వెయ్యి, ఈ రోగంతోనే పోయాయి. చుట్టుపక్కల పల్లెల కుక్కల నుంచి పాకిన వైరస్ అది. 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మన గిర్‌లో 23 సింహాలు చచ్చిపోయాయి. డిస్టెంపర్ ఒకటి, పిడుదులు మోసే ఆ బబీసియా ఒకటి, రెండూ కలిసి దెబ్బతీశాయి. అమెరికా నుంచి టీకాలు తెప్పించి వేయాల్సొచ్చింది. వెళావదర్ తోడేళ్లయితే మోతీకి స్వయానా దాయాదులు. మోతీ మీద ఎక్కి ఉత్తరేణి ఎంత తేలిగ్గా మా మెట్ల దాకా వచ్చిందో, మోతీ మీద ఎక్కి ఏదైనా అంతే తేలిగ్గా అక్కడికి పోతుంది.

మనవరాలు కాసేపు ఆలోచించి, "అయితే మోతీ మాండ్వికే" అంది. మోతీకి అభ్యంతరం లేదు, అప్పటికే నిద్రపోయింది.

మనవడి లెక్క: ఉత్తరేణి 58, మరులమాతంగి 7, పల్లేరు 2, మెలి గింజలు 5, పిడుదులు 3. ముళ్ల గింజలన్నీ పాలిథీన్ సంచీలో మూట కట్టాం, మా సందులో మొలిస్తే మళ్లీ మాకే తంటా. ఒక్క మెలి గింజ మాత్రం మనవడు అగ్గిపెట్టెలో దాచుకున్నాడు, బళ్లో నీళ్లచుక్క వేసి చూపిస్తాడట. మోతీ టీకాల పుస్తకం తీసి చూశాను. డిస్టెంపర్ తేదీ వచ్చే నెల 12. మీ కుక్కదెప్పుడో ఈ పత్రిక పక్కన పెట్టి ఒకసారి చూసుకోండి.